మీటరు మైలేజీ, ట్యాంకు మైలేజీ

డీజిల్ కారు నడిపేవాళ్లకు ట్యూనింగ్ బాక్స్ అన్న మాట కొత్త కాదు. అరచేతిలో ఇమిడిపోయే పెట్టె అది. బానెట్ ఎత్తి, ఇంజిన్ మీదున్న ఒక సెన్సర్ ప్లగ్గు ఊడదీసి, మధ్యలో దీన్ని తగిలిస్తారు. కాసేపట్లో అయిపోయే పని. అమ్మేవాళ్లు రెండు మాటలు చెబుతారు. పికప్ పెరుగుతుందంటారు, మైలేజీ కూడా పెరుగుతుందంటారు. మొదటిది చాలావరకు నిజమే. రెండోదాని గురించే ఈ రోజు నా ప్రసంగం.

పికప్ కోసం డబ్బు పెట్టే మనిషి సరదాకి పెడతాడు. అతని ఇష్టం. మైలేజీ కోసం పెట్టే మనిషి చాలాసార్లు ఆ బండి మీదే బతుకుతుంటాడు. సెకండ్ హ్యాండులో ఒక డీజిల్ డిజైర్ కొనుక్కుని, వాయిదాలు కట్టుకుంటూ, నెలకు మూడు వేల కిలోమీటర్లు తిప్పే డ్రైవర్‌ను తీసుకోండి. లీటరుకు ఒక్క కిలోమీటరు తేడా వచ్చినా అతనికి నెలకు ఏడెనిమిది వందల రూపాయలు అటో ఇటో అవుతాయి. అలాంటి మనిషి జేబులోంచి పదిహేను, ఇరవై వేలు తీయించే ముందు ఆ పెట్టె లోపల జరిగేదేమిటో అతనికి విడమరిచి చెప్పాలి. ఆ పని ఎవరూ చేయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందు ఇంజిన్ సంగతి. పెట్రోల్ ఇంజిన్‌లో మనం పెడలు తొక్కితే లోపలికి వెళ్లే గాలి పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోల్ వెళుతుంది. డీజిల్ ఇంజిన్ తీరు వేరు. గాలిని ఎంత పీల్చగలిగితే అంత పీల్చుకుంటుంది. ఆ గాలిని పదహారు, పదిహేడో వంతుకు అదిమేస్తే అది భగభగలాడేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను తుంపరలా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఎంత డీజిల్ చిమ్మితే అంత బలం. అంటే డీజిల్ బండిలో మన కాలు చేసే పని ఒక్కటే, ఈసారి ఎంత డీజిల్ చిమ్మాలో ఇంజిన్ కంప్యూటరుకు చెప్పడం.

ఆ చిమ్మడం ఎలా జరుగుతుంది? ఇప్పటి కార్లలో కామన్ రైల్ అనే ఏర్పాటు ఉంటుంది. నాలుగు ఇంజెక్టర్లకూ కలిపి ఒకే మందపాటి గొట్టం. పంపు అందులోకి డీజిల్‌ను తోసి విపరీతమైన ఒత్తిడిలో నిలబెడుతుంది. ఇటలీలో ఫియట్ మనుషులు మొదలుపెట్టిన ఈ పని జర్మనీలోని బాష్ కంపెనీ చేతికి వెళ్లి, 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో బజారుకొచ్చింది. అదే ఫియట్ తయారుచేసిన 1.3 మల్టీజెట్ ఇంజిన్ మన దేశంలో ఇంటింటి ఇంజిన్ అయిపోయింది. 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చింది. తర్వాత డిజైర్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో, ఎర్టిగాలో, సియాజ్‌లో అదే ఇంజిన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కానీ, పాత బండ్లు మన రోడ్ల మీద ఇంకా దండిగా ఉన్నాయి. అందుకే ఉదాహరణకు ఈ ఇంజిన్‌నే తీసుకుంటున్నాను.

కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి 1,600 బార్ల దాకా వెళుతుంది. కారు టైర్లో మనం పట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు. టైరు ఒత్తిడికి ఏడు వందల రెట్లన్న మాట. అంత ఒత్తిడిలో ఉన్న డీజిల్‌ను ఇంజెక్టర్ సెకనులో వెయ్యో వంతు, అంతకు అటూ ఇటూగా తెరుచుకుని మూసుకుంటూ చిమ్ముతుంది. ఎంత డీజిల్ పడిందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉంది? ఆ సమయంలో గొట్టంలో ఒత్తిడి ఎంత ఉంది? ఈ రెండూ తెలిస్తే కంప్యూటర్ పడిన డీజిల్‌ను లెక్క కట్టేస్తుంది. ఒత్తిడి తెలియడానికి గొట్టం చివర ఒక సెన్సర్ ఉంటుంది. అది అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య సంకేతం పంపుతుంది. ఒత్తిడి పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది.

ట్యూనింగ్ బాక్స్ ఎక్కువగా కూర్చునేది ఆ సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యనే. సెన్సర్ మూడు వోల్టులు పంపితే పెట్టె దాన్ని కాస్త తగ్గించి పంపుతుంది. కంప్యూటర్ ఒత్తిడి పడిపోయిందనుకుని, పంపు చేత ఇంకాస్త తోయిస్తుంది. గొట్టంలో అసలు ఒత్తిడి పదిశాతం పెరిగిందనుకుందాం. అయినా కంప్యూటర్‌కు కనిపించే అంకె పాతదే. ఇంజెక్టర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, కానీ డీజిల్ ఎక్కువ పడుతుంది. ఎంత ఎక్కువ? ఒత్తిడి పదిశాతం పెరిగితే పడే డీజిల్ సుమారు ఐదు శాతం పెరుగుతుంది. సన్నని రంధ్రంలోంచి దూకే ద్రవం ఒత్తిడి వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి అలా వస్తుంది. పికప్ పెరగడానికి కారణం ఇదే. ఎక్కువ డీజిల్, ఎక్కువ బలం. ఇందులో మాయ ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఇక మిగతాది మరిచిపోయినా నాకు ఫర్వాలేదు.

మీరు హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా పోతున్నారు. ఆ వేగంలో బండిని నిలబెట్టడానికి కావలసిన బలం ఇంత అని ఒకటుంటుంది. గాలి ఎదురు తోస్తుంది, టైర్లు రాసుకుంటాయి, వాటికి సరిపడా బలం కావాలి. పెట్టె పెట్టినంత మాత్రాన గాలి పలచబడదు. కాబట్టి కావలసిన బలం మారదు, దానికి కావలసిన డీజిల్ కూడా దాదాపు మారదు. మారేదల్లా మీ కాలు. పెట్టె వల్ల ప్రతి చిమ్ములోనూ ఐదు శాతం ఎక్కువ పడుతోంది కాబట్టి మీకు తెలియకుండానే పెడలు మీద కాలు కొంచెం వదులుతారు. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం ఆ మేరకు తగ్గుతుంది. మొత్తమ్మీద పడే డీజిల్ పాతంతే.

మరి డ్యాష్‌బోర్డు మీద మైలేజీ అంకె ఏమంటుంది? అది నిజంగా కొలిచిన అంకె కాదు. ట్యాంకులోంచి ఎంత డీజిల్ పోయిందో ఎవరూ కొలవడం లేదు. ఇంజెక్టర్ తెరుచుకున్న సమయం, గొట్టంలో ఒత్తిడి, ఈ రెంటినీ బట్టి కంప్యూటర్ కట్టిన లెక్క అది. తెరుచుకునే సమయం తగ్గింది, అది కంప్యూటర్‌కు తెలుసు. ఒత్తిడి పెరిగింది, అది కంప్యూటర్‌కు తెలియదు. తెలియకుండా పెట్టె అడ్డుపడింది. అందుకని కంప్యూటర్ ఐదు శాతం తక్కువ డీజిల్ ఖర్చయిందని లెక్క రాస్తుంది. నిన్నటిదాకా లీటరుకు 20 చూపించిన తెర ఇవాళ 21 చూపిస్తుంది. పెట్టె కొన్న మనిషి ఆ అంకెను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి నలుగురికీ చూపిస్తాడు. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు, కళ్లారా చూసిందే చెబుతున్నాడు. కానీ అతను చేసిన పని, తూకంలో తేడా చేసిన కాటా మీదే తూచి కాటా బాగుందని తేల్చుకోవడం లాంటిది.

బండి ఊరికే నిలబడి ఇంజిన్ తిరుగుతున్నప్పుడూ అంతే. అప్పుడు కంప్యూటర్ ఇంజిన్ చుట్లను తనే సరిచూసుకుంటుంది. డీజిల్ ఎక్కువ పడుతోందని చుట్లు పెరగబోతే ఇంజెక్టర్ సమయం తగ్గించేస్తుంది. ఖర్చు అదే, తెర మీద అంకె మాత్రం అందంగా ఉంటుంది. ఇంకో రకం పెట్టెలు నెమ్మదిగా పోయేటప్పుడు అసలు జోక్యమే చేసుకోవు, గట్టిగా తొక్కినప్పుడే మేలుకుంటాయి. వాటివల్ల హైవే మైలేజీ మారడానికి కారణమే లేదు.

"కానీ నాకు నిజంగానే పెరిగింది, బంకులో కొట్టించి లెక్క చూసుకున్నా" అనే వాళ్లుంటారు. వాళ్లను కొట్టిపారేయను. కొంత నిజం ఉండడానికి వీలుంది, ఎక్కడుందో చెబుతాను.

మొదటిది గేరు. డీజిల్ ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతూ కాస్త బరువు లాగుతున్నప్పుడు పొదుపుగా పనిచేస్తుంది. ఎక్కువ చుట్లు తిరుగుతూ ఖాళీగా ఉంటే డీజిల్ వృథా. 75 హార్స్‌పవర్ స్విఫ్ట్ నడిపినవాళ్లకు తెలుసు, రెండు వేల చుట్ల లోపు ఆ బండిలో జీవం ఉండదు. టర్బో అందుకోదు. దాంతో మూడో గేరులో పోవలసిన చోట రెండో గేరుకు దిగుతాం. పెట్టె వల్ల కింది చుట్లలో కొంచెం లాగుడు పెరిగితే పై గేరులోనే ఉండగలుగుతాం. శ్రీశైలం ఘాట్ మీదో, అరకు దారిలోనో పూర్తి బరువుతో ఎక్కుతున్నప్పుడు ఈ తేడా తెలుస్తుంది. అలా వచ్చే పొదుపు నిజమైనదే. కానీ చదునైన రోడ్డు మీద పెట్టె లేకుండానే పై గేరుకు తొందరగా వెళ్లొచ్చు, అక్కడ పొదుపు మన ఎడమ చేతిలోనే ఉంది. పైగా కొత్తగా బలం వచ్చిన బండిని నింపాదిగా నడపాలంటే చాలా నిగ్రహం కావాలి. ఎక్కువమంది ఆ బలాన్ని వాడేస్తారు. వాడితే డీజిల్ తాగుతుంది.

రెండోది కాస్త లోతైన విషయం. కంపెనీ వాళ్లు ఇంజిన్‌ను పూర్తి పొదుపు మీద పెట్టరు. డీజిల్‌ను కొంచెం ముందుగా చిమ్మితే మంట వేడి, ఒత్తిడి పెరుగుతాయి, పొదుపు పెరుగుతుంది. అదే వేడిలో గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులను పాడుచేసే వాయువులవి. వాటిని అదుపులో పెట్టడానికి కంపెనీ చిమ్మే సమయాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపుతుంది. అందుకు కొంత మైలేజీ వదులుకుంటుంది. మన దేశంలో బీఎస్ 4 డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా ఈ వాయువులు వదలొచ్చు. బీఎస్ 6 వచ్చాక అది 80 మిల్లీగ్రాములే. ఈ అదుపు ఎంత ఇబ్బందో తెలియాలంటే ఫోక్స్‌వాగన్ కథ చాలు. పరీక్షశాలలో నిబంధనలు పాటిస్తూ, రోడ్డెక్కగానే మరో రకంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టారని 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం బయటపెట్టింది. రోడ్డు మీద ఆ కార్లు నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి నలభై రెట్ల దాకా వదిలాయి.

కాబట్టి ఇంజిన్ కంప్యూటర్లోని ప్రోగ్రామునే మార్చేస్తే, అంటే రీమ్యాప్ చేస్తే, కొద్ది శాతం మైలేజీ రాబట్టడం సాధ్యమే. ఆ కొద్ది శాతాన్ని మనం ఊరి గాలిలోంచి తీసుకుంటాం. మన బండి వెనక స్కూటర్ మీద కూర్చున్న బిడ్డ ఆ గాలి పీలుస్తుంది. నాకైతే ఆ బేరం ఇష్టం లేదు. ఒత్తిడి సంకేతాన్ని మార్చే పెట్టెకు అదీ పూర్తిగా చేతకాదు, ఎందుకంటే చిమ్మే సమయం దాని చేతిలో లేదు.

ఇంకో మాట కూడా ప్రచారంలో ఉంది. ఇంజిన్‌లో డీజిల్ సగం మండకుండానే పోతుందనీ, పెట్టె దాన్ని పూర్తిగా మండిస్తుందనీ చెబుతారు. ఇది శుద్ధ తప్పు. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్‌లో నూటికి తొంభై ఎనిమిది పాళ్ల పైనే మండిపోతుంది. వృథా అయ్యేది డీజిల్ కాదు, మండాక వచ్చిన వేడి. అది సైలెన్సర్‌లోంచీ రేడియేటర్‌లోంచీ బయటికి పోతుంది. దాన్ని ఏ పెట్టే వెనక్కి తేలేదు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చుకునే చవకరకం ప్లగ్గుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. విప్పి చూసినవాటిలో మిణుకుమిణుకుమనే లైట్లు తప్ప పనికొచ్చేది కనపడలేదు. ఇంధనం ఆదా చేస్తామన్న పరికరాలను అమెరికా పర్యావరణ సంస్థ వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచింది ఒక్కటీ దానికి దొరకలేదు.

మరి నష్టం? కంప్యూటర్‌కు అసలు ఒత్తిడి తెలియనప్పుడు, హద్దు దాటితే ఆపే కాపలా కూడా పోయినట్టే. 1,600 బార్ల దగ్గర ఆగాలనుకున్న గొట్టంలో 1,760 ఉంటుంది, చూసేవాడికి మాత్రం 1,600 అనే కనిపిస్తుంది. పంపు, ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ ప్లేట్లు అన్నీ ఆ బరువు మోస్తాయి. ఇక్కడ మల్టీజెట్‌నే చూడండి. అదే ఇంజిన్‌ను 75 హార్స్‌పవర్ నుంచి 90కి పెంచాలనుకున్నప్పుడు కంపెనీ డీజిల్ ఎక్కువ పోసి ఊరుకోలేదు. టర్బోనే మార్చింది, రెక్కల కోణం మార్చుకునే రకం పెట్టింది. డీజిల్‌తో పాటు గాలి కూడా పెరగాలి కాబట్టి. గాలి పెరగకుండా డీజిల్ పెరిగితే మసి పెరుగుతుంది. పాత బండిలో అది నల్లపొగగా కనిపిస్తుంది. బీఎస్ 6 బండిలో అయితే సైలెన్సర్ దారిలో ఉన్న మసి జల్లెడలో పేరుకుంటుంది. ఆ జల్లెడను శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ మళ్లీ అదనంగా డీజిల్ కాలుస్తుంది.

వారంటీలో ఉన్న బండి అయితే ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రమాదం జరిగి బీమా కంపెనీ మనిషి బానెట్ ఎత్తి చూసే రోజున ఆ పెట్టె మీకు మేలు చేయదు.

ఇప్పటికే కొన్నవాళ్లు, కొని చూద్దామనుకునేవాళ్లు ఎలా పరీక్షించుకోవాలో చెబుతాను. ఇది అందరూ చేసుకోగల పనే, కానీ జాగ్రత్తగా చేయాలి.

తెర మీది అంకెను పూర్తిగా పక్కన పెట్టండి. ట్యాంకు ఫుల్ చేయించండి. గన్ను టక్కుమని మొదటిసారి ఆగినప్పుడే ఆపించండి, మళ్లీ మళ్లీ కొట్టించొద్దు. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర, బండిని అదే చోట నిలబెట్టి మళ్లీ మొదటి కటాఫ్ దాకా నింపించండి. ఇంత చేసినా లీటరు దాకా తేడా రావొచ్చు. పదమూడు లీటర్ల ప్రయాణంలో ఒక లీటరు అంటే ఏడు శాతం కన్నా ఎక్కువ. పెట్టె ఇస్తానన్న లాభం అందులోనే కొట్టుకుపోతుంది. అందుకే ఒక్కసారి కొట్టించి తేల్చేయకూడదు. పెట్టెతో కొన్ని ట్యాంకులు, లేకుండా కొన్ని ట్యాంకులు, మళ్లీ పెట్టెతో కొన్ని నడపాలి. టైర్లలో గాలి ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఏసీ వాడకం ఒకటే ఉండాలి. బండికి సర్వీసింగ్ చేయించిన రోజే పెట్టె పెట్టించి, వచ్చిన లాభమంతా పెట్టె ఖాతాలో వేయకండి. చాలామంది చేసే పని అదే.

రానూ పోనూ కలిపి లెక్క చూడాలి, ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే దారి చదునుగా ఉందనుకుంటాం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, విజయవాడ కృష్ణ ఒడ్డున చాలా పల్లంలో ఉంది. అంటే విజయవాడ వెళ్లేటప్పుడు బండి మొత్తమ్మీద దిగుతోంది, వచ్చేటప్పుడు ఎక్కుతోంది. పన్నెండు వందల కిలోల కారును 500 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తిని డీజిల్‌లోకి మారిస్తే సుమారు అర లీటరు. ఎవరైనా హైదరాబాద్‌లో పెట్టె పెట్టించుకుని విజయవాడ వెళ్లి "మైలేజీ భలే పెరిగింది" అంటే, అందులో కొంత ఆ దిగుడుదే.

చివరగా క్యాబ్ డ్రైవర్ లెక్క ఒకసారి చూద్దాం. నెలకు మూడు వేల కిలోమీటర్లు, లీటరుకు ఇరవై, అంటే 150 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే 14,250 రూపాయలు. పై గేరులో నిగ్రహంగా నడిపి, పెట్టె వల్ల నిజంగానే మూడు శాతం మిగిలిందనుకుందాం. నెలకు 430 రూపాయలకు కాస్త తక్కువ. పదిహేను వేల పెట్టె సొమ్ము వెనక్కి రావడానికి మూడేళ్లు దగ్గరగా పడుతుంది. ఈలోగా ఒక్కసారి క్లచ్ ప్లేట్లు వేయించాల్సి వచ్చినా ఆ లెక్క తలకిందులైపోతుంది.

అదే డ్రైవర్ హైవే మీద వందలో పోయే అలవాటు మాని ఎనభైలో పోతే చాలు, బండికి ఎదురయ్యే గాలి తోపుడు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. నాలుగు టైర్లలోనూ కంపెనీ చెప్పినంత గాలి ఉందో లేదో వారానికోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకుంటే ఖర్చు ఏమీ లేదు. పాత మల్టీజెట్ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించండి, చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడమనండి. ఆ తర్వాత ఇంజెక్టర్లు పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి తిరిగిన బండిలో కారుతున్న ఒక్క ఇంజెక్టర్ తాగేసే డీజిల్‌ను ఏ పెట్టే మిగల్చలేదు. పెట్టెకని దాచుకున్న డబ్బుంటే ముందు అక్కడ పెట్టండి.